బందరు పేరును మోసిన ఐరిష్ పటాలం: రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ వంశక్రమం, మారిన పేర్లు

లిఫీతీరం

సభ్యులందరికీ నమస్కారం. మాది బందరు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాను. కిందటి నెల ఒక ఆదివారపు సంతలో పాత నాణేలు, పతకాలు అమ్మే ఒక పెద్దాయన దగ్గర సైనికుల టోపీ బిళ్ల ఒకటి కొన్నాను. రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. ఇత్తడితో చేసిన గుండు, దాని పైనుంచి ఎగసే మంటలు, గుండు మీద తెల్లలోహంతో పోసిన పులి, పులి పాదాల కింద చిన్న పట్టీపై ‘రాయల్ మన్‌స్టర్’ అనే అక్షరాలు ఉన్నాయి. వెనుక టోపీకి గుచ్చే కమ్మీ విరిగిపోయింది. మన్‌స్టర్ అంటే ఐర్లండ్ నైరుతి భాగంలోని ప్రాంతం. అక్కడి పటాలానికి పులి ఎందుకని అడిగితే, ఇండియాలో ఉండి వచ్చారని మాత్రమే ఆయన చెప్పగలిగారు.

ఇంటికి వచ్చి ఆ రెజిమెంటు యుద్ధ గౌరవాల పట్టిక, అంటే జెండా మీద రాసుకునే హక్కు దక్కిన యుద్ధాల పేర్ల జాబితా, తీసి చూశాను. ప్లాసీ తరువాతి పేరు ‘కాండోర్’. దాని పక్కనే ‘మసులిపటం’. మా ఊరి పేరు ఒక ఐరిష్ పటాలం పట్టికలో కనిపించగానే కాసేపు ఏమీ తోచలేదు. ఆ రాత్రే ఒక కాగితం తీసుకొని 1756 నుంచి 1922 వరకు వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. కానీ పేర్లు ఇన్నిసార్లు మారాయంటే ఏది ఎవరి కొనసాగింపో తెలియకుండా పోయింది. నా కాగితంలో గీత 1839 దగ్గర రెండు పాయలుగా చీలి, 1881 దగ్గర మళ్లీ కలిసి, 1922 దగ్గర ఆగిపోయింది. ఇది సరైనదేనా? బందరు కోటను పట్టిన ఆ పటాలం ఈనాడు ఏదైనా పేరుతో బతికే ఉందా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

దండుబాట

లిఫీతీరం గారూ, మీ కాగితంలో ఒక్కచోట తప్పు ఉంది, అది 1839 దగ్గర. మిగతాది సరిగానే గీశారు. మొదటి నుంచి చెబుతాను.

1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాక, దాన్ని తిరిగి తీసుకోవడానికి మద్రాసు నుంచి వెళ్లిన రాబర్ట్ క్లైవ్, అదే ఏడాది డిసెంబరులో బెంగాల్‌లో మిగిలిన కంపెనీ తెల్ల సైనికులనూ తన వెంట వచ్చినవారిలో కొందరినీ కలిపి ఒక పటాలంగా కూర్చాడు. దానికి పెట్టిన పేరు బెంగాల్ యూరోపియన్ రెజిమెంటు. బెంగాల్‌లో కంపెనీకి అంతకు వందేళ్ల ముందే కొద్దిమంది కాపలా సైనికులు ఉండేవారు కాబట్టి కొందరు వంశాన్ని అక్కడిదాకా లాగుతారు. కానీ ఒక అధికారి కింద, ఒక జెండా కింద పటాలంగా నిలిచినది మాత్రం 1756లోనే అని నా అభిప్రాయం.

ఇక్కడ ‘యూరోపియన్’ అనే మాటను గమనించండి. కంపెనీ సైన్యంలో ‘నేటివ్’ పటాలాలు ఉన్నాయి కనుక, అవి కానివి అని గుర్తుపట్టడానికి పెట్టిన మాట అది. ఇంగ్లండు రాజుగారి పటాలాలకు ఆ అవసరం లేదు. కాబట్టి పేరులో ‘యూరోపియన్’ ఉందంటే, అది రాజుగారి సైన్యం కాదని, వ్యాపార కంపెనీ జీతం మీద బతికే తెల్ల సైన్యమని ఒక్క మాటతో తెలిసిపోతుంది.

1839లో కంపెనీ బెంగాల్‌లో ఇంకొక తెల్ల పటాలాన్ని కొత్తగా లేపింది. అది పాతదాని నుంచి చీలిన పాయ కాదు, కొత్త మొక్క. అందుకే పాతదానికి ‘మొదటి’, కొత్తదానికి ‘రెండవ’ అనే సంఖ్యలు వచ్చాయి. మొదటిది ఆఫ్ఘన్ యుద్ధంలో ఘజ్నీ కోటపై దాడిలో పాల్గొన్నాక లైట్ ఇన్‌ఫాంట్రీ (చురుకుగా కదిలే పదాతి దళం) అయింది. ఫిరోజ్‌షా, సోబ్రావ్ వద్ద సిక్కు సైన్యంతో పోరాడాక 1846లో ఫ్యూజిలియర్స్ అయింది. రెండవదానికి ఆ బిరుదు 1850లో దక్కింది. ఫ్యూసిల్ అంటే ఒకప్పుడు ఫిరంగుల కాపలావారికి ఇచ్చిన తేలికపాటి తుపాకి. 19వ శతాబ్దానికి ఆ తుపాకి పోయి బిరుదు మాత్రం మిగిలింది.

1858లో కంపెనీ పాలన రద్దయ్యాక పేరులోంచి ‘యూరోపియన్’ రాలిపోయింది. 1862లో మొదటిది 101వ రాయల్ బెంగాల్ ఫ్యూజిలియర్స్‌గా, రెండవది 104వ బెంగాల్ ఫ్యూజిలియర్స్‌గా రాణిగారి సైన్యపు వరుసలో చేరాయి. 1881 జూలై 1న యుద్ధమంత్రి చిల్డర్స్ సంస్కరణలతో ఈ రెండూ కలిసి రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అయ్యాయి. 101వది మొదటి బెటాలియను, 104వది రెండవ బెటాలియను. దక్షిణ కార్క్, కెర్రీ, లిమరిక్ కౌంటీల మిలీషియా (స్థానిక సహాయక సైన్యం) దళాలు వాటి వెనుక చేరాయి. డిపో ట్రలీ పట్టణంలో.

ఈ పేర్లన్నిటినీ ఒకదాని కింద ఒకటి రాసి చదివితే యజమాని ఎలా మారాడో కనబడుతుంది. మొదట కంపెనీ, తరువాత రాణి, చివరకు ఒక ఐరిష్ ప్రాంతం. 1881 నాటికి ‘బెంగాల్’ అనే మాట కూడా పేరులోంచి పోయింది. మీ చేతిలోని బిళ్ల మీద పులి నిలబడి ఉండడానికి కారణం అదే. పేరులో చోటు దొరకని ఇండియా టోపీలోకి, జెండాలోకి వెళ్లింది.

గోదావరిగట్టు

మా వైపు విషయం వచ్చింది కాబట్టి నేనూ రాస్తాను. ఆ పట్టికలోని ‘కాండోర్’ మన పాఠ్యపుస్తకాల్లోని చందుర్తి యుద్ధమే. పిఠాపురం, గొల్లప్రోలు వైపు చందుర్తి పొలాల్లో 1758 డిసెంబరు 9న జరిగింది.

దీనికి బీజం బొబ్బిలిలో పడింది. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల సాయంతో బొబ్బిలి కోటను పడగొట్టిన విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు, ఆ విజయం తరువాత తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో హతమయ్యాడు. ఆయన తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతి రాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. బుస్సీని ఇండియాలోని ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ దక్షిణానికి పిలిపించుకోగానే, ఆనంద గజపతి విశాఖపట్నంలోని ఫ్రెంచివారిని తరిమి, తనకు తోడు రమ్మని ఆంగ్లేయులకు కబురు పంపాడు. మద్రాసు తానే ఆపదలో ఉండి కదల్లేకపోయింది. కలకత్తాలో ఉన్న క్లైవ్ కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ను సుమారు 500 మంది తెల్లవారితో, 2,000 మంది సిపాయిలతో సముద్రం మీద పంపాడు. ఆ 500 మందే మీ బెంగాల్ యూరోపియన్ రెజిమెంటు.

చందుర్తి దగ్గర జరిగింది తెలుసుకోదగినది. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తన తెల్ల సైనికులను నేరుగా ఆంగ్లేయ సైనికుల మీదికి నడిపిస్తున్నాననుకొని ఎర్ర కోటులవారి మీదికి నడిపించాడు. తీరా ఆ ఎర్ర కోటులవారు బెంగాల్ సిపాయిలు. ఆ రోజుల్లో దక్షిణాదిలో సిపాయిలకు ఎర్ర కోట్లు ఉండేవి కావు కాబట్టి పొరబడ్డారు. అసలు తెల్ల బెటాలియను ఎత్తుగా పెరిగిన మొక్కజొన్న చేను వెనుక కనబడకుండా ఉంది. సిపాయిలు దెబ్బతిని వెనక్కి తగ్గుతుంటే, తరుముతూ వచ్చిన ఫ్రెంచివారు ఆ చేను పక్కకు వచ్చేసరికి అక్కడి నుంచి తుపాకులు ఒక్కసారిగా పేలాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రం మీద రాజమండ్రి దారి పట్టాడు.

తరువాత బందరు. 1759 మార్చిలో ముట్టడి మొదలైంది. చుట్టూ చిత్తడి నేల, లోపల ఉన్నవారి సంఖ్య బయట ముట్టడించినవారికన్నా ఎక్కువ. నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వెనుక నుంచి వస్తున్నాడు. ఫోర్డ్ దగ్గర డబ్బు లేదు. తెల్ల సైనికులు తమకు రావలసింది ఇవ్వకపోతే వెళ్లిపోతామని ఆయుధాలతో బారులు తీరితే, కోటలో దొరికే సొత్తు పంచుతానని మాట ఇచ్చి ఆపాడు. ఇక రెండు రోజులకే మందుగుండు ఉందని తెలిశాక ఏప్రిల్ 7 రాత్రి దాడికి దిగాడు. గుమ్మం వైపు ఆనంద గజపతి మనుషులు అలజడి చేశారు, నైరుతిన చిత్తడిలోంచి కెప్టెన్ నాక్స్ ఒక చిన్న దళంతో వెళ్లాడు, అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి కోట లొంగిపోయింది. మే 14న సలాబత్ జంగ్ ఒప్పందం చేసుకొని మచిలీపట్నాన్ని, దాని చుట్టుపక్కల సీమను ఆంగ్లేయులకు రాసిచ్చాడు.

క్యాడెట్_వరంగల్

నేను ఎన్‌సీసీలో ఉన్నాను. చాలా ఆసక్తిగా చదివాను. రెండు సందేహాలు ఉన్నాయి. ఒకటి, ఇలాగే మద్రాసు తెల్ల సైనికుల రెజిమెంటు కూడా ఉండేదని విన్నాను. ఇప్పటి మన మద్రాస్ రెజిమెంటు దాని కొనసాగింపేనా? రెండు, 102వ రెజిమెంటు అని వెతికితే అది ఆస్ట్రేలియాలో ఉండేదని వచ్చింది. మద్రాసువారు ఆస్ట్రేలియా ఎప్పుడు వెళ్లారు?

దండుబాట

మంచి ప్రశ్నలు. రెజిమెంట్ల వంశక్రమం చదివేవారు కాలు జారేది సరిగ్గా ఈ రెండు చోట్లనే.

రెండవదానికి ముందు జవాబు చెబుతాను. సంఖ్య ఒకటైనంత మాత్రాన పటాలం ఒకటి కాదు. బ్రిటిష్ సైన్యంలో యుద్ధం వచ్చినప్పుడు చివరి సంఖ్యలతో పటాలాలను లేపి, యుద్ధం అయిపోగానే రద్దు చేసి, ఇంకో యుద్ధానికి మళ్లీ అదే సంఖ్యను ఇంకొకరికి ఇచ్చేవారు. ఆస్ట్రేలియాలో గవర్నరు బ్లైను పదవి నుంచి దించిన న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే దళానికి తరువాత 102 అనే సంఖ్య ఇచ్చారు. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక దాన్ని 100వదిగా మార్చి, 1818లో రద్దు చేశారు. మద్రాసు పటాలానికి 102 అనే సంఖ్య దక్కింది 1862లో. ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. 101కి కూడా ఇదే కథ. డ్యూక్ ఆఫ్ యార్క్స్ ఐరిష్ అనే ఇంకొక 101వ పటాలం 1817 వరకు ఉండేది. పేరులో ‘ఐరిష్’ చూసి దాన్ని మన్‌స్టర్లకు తాతగా రాసేవారు ఉన్నారు, అది పొరపాటు.

మొదటి ప్రశ్న. మన మద్రాస్ రెజిమెంటు మద్రాసు సిపాయి బెటాలియన్ల సంతానం. వాటిని 1758లో స్ట్రింగర్ లారెన్స్ కాలంలో పటాలాలుగా కూర్చారు. మద్రాసు యూరోపియన్ రెజిమెంటును కూడా అదే లారెన్స్ 1748లో కూర్చాడు. పెంచిన చేయి ఒకటే, వంశాలు వేరు. తెల్లది 1843లో మొదటి మద్రాస్ యూరోపియన్ ఫ్యూజిలియర్స్, 1862లో 102వ రాయల్ మద్రాస్ ఫ్యూజిలియర్స్ అయింది. 1881లో బొంబాయి నుంచి వచ్చిన 103వ పటాలంతో కలిసి రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అయింది. లిఫీతీరం గారు రోజూ సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ వైపు వెళ్తారేమో, ఆ తోట మూలన ఉన్న రాతి తోరణం దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధంలో చనిపోయిన ఆ డబ్లిన్ ఫ్యూజిలియర్లదే.

లిఫీతీరం

దండుబాట గారూ, ఆ తోరణం కింద నుంచి కొన్ని వందలసార్లు నడిచాను. కమాను లోపలి వైపు తలెత్తి చూస్తే పేర్లు వరుసగా చెక్కి ఉంటాయి. అవి మద్రాసు పటాలం వారసుల పేర్లని ఈ రోజే తెలిసింది. ఆ తోరణానికి ఇక్కడ కొందరు ‘ద్రోహుల ద్వారం’ అని పేరు పెట్టారు. బ్రిటిష్ సైన్యంలో చేరిన ఐరిష్‌వారి జ్ఞాపకం ఈ దేశంలో చాలాకాలం చెప్పుకోలేని విషయంగా ఉండిపోయింది.

బ్యారక్_తాత

నేను ఇరవై నాలుగేళ్లు మద్రాస్ రెజిమెంటులో పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేశాను. శ్రీకాకుళం జిల్లా. మా పిల్లవాడు ఈ చర్చ చూపిస్తే రాస్తున్నాను.

క్యాడెట్ బాబూ, దండుబాట గారు చెప్పినది నిజం. కానీ వంశం అనేది సైనికుడికి కాగితం మీద ఉండదు. నేను రంగ్రూటుగా చేరినప్పుడు మొదటి వారంలోనే మా బెటాలియన్ గౌరవాలు వరుసగా అప్పజెప్పించుకున్నారు. ఎక్కడో తెలియని ఊళ్ల పేర్లు, అర్థం కాకపోయినా నోటికి వచ్చేదాకా చెప్పించారు. మెస్‌లోని వెండి సామాను ఏ యుద్ధంలోదో, రైజింగ్ డే ఎందుకు జరుపుతామో తెలియనివాడు మావాడు కాదు. సంఖ్య మారినా, కలిపినా, విడదీసినా పటాలం ఒకటే అని మాకు నేర్పింది అదే. మన ‘పటాలం’ అనే మాటే తెల్లవారి ‘బెటాలియన్’ నుంచి వచ్చి మన ఇంటి మాట అయింది కదా.

గోదావరిగట్టు గారు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఇంకొకటి. చందుర్తి దగ్గర ఫ్రెంచివారి మొదటి దెబ్బ కాచుకున్నది ఎర్ర కోటు వేసిన సిపాయిలు. ఆ యుద్ధ గౌరవం తెల్ల పటాలానికి దక్కి ఐర్లండు దాకా వెళ్లింది. మరి ఆ సిపాయిల పటాలాలు ఏమయ్యాయి? వాటి వారసులెవరు?

దండుబాట

సుబేదార్ గారికి నమస్కారం. మీ ప్రశ్న న్యాయమైనది, జవాబు బాధాకరమైనది. క్లైవ్ కూర్చిన సిపాయి బెటాలియన్లు తరువాత బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అయ్యాయి. ఆ సైన్యంలో అత్యధిక భాగం 1857లో తిరగబడింది, లేదా తిరగబడుతుందన్న అనుమానంతో నిరాయుధమైంది. కొద్ది పటాలాలు మాత్రమే మిగిలాయి. అదే 1857లో ఢిల్లీ ముట్టడిలో మొదటి, రెండవ బెంగాల్ ఫ్యూజిలియర్లు ఇద్దరూ బ్రిటిష్ వైపు ఉన్నారు. కోట్లు తీసేసి చొక్కాలతో పోరాడినందుకు వారికి ‘మురికి చొక్కాలు’ అనే ముద్దుపేరు వచ్చిందని చెబుతారు. భరత్‌పూర్ ముట్టడి నాటిదని చెప్పేవారూ ఉన్నారు. నూరేళ్ల కిందట ఒకే సేనాని కింద చందుర్తిలో నిలబడిన రెండు సైన్యాల వారసులు ఢిల్లీ గోడకు చెరోవైపు నిలబడ్డారు. ఒకరి పేరు ‘రాయల్’ అయింది, మరొకరి పేరు జాబితా నుంచి కొట్టివేయబడింది.

కృష్ణాడెల్టా

ఇంతవరకు మౌనంగా చదువుతున్నాను, ఇప్పుడు ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా ఊరి పేరు ఒక పటాలం జెండా మీద ఉందని సంతోషించడం నాకు చేతకావడం లేదు. అది మనం గెలిచిన యుద్ధం కాదు, మన నేల మీద ఇద్దరు పరాయివారు తేల్చుకున్న యుద్ధం. దాని ఫలితంగా ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్లాయి. ఇక మద్రాస్ ఫ్యూజిలియర్స్ సంగతి చూడండి. 1857లో వారి కల్నల్ నీల్ అలహాబాదు నుంచి కాన్పూరు దాకా చేసిన ఉరితీతలు ఎవరూ మరచిపోలేదు. మద్రాసులో పెట్టిన ఆయన విగ్రహాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, చివరకు రాజాజీ ప్రభుత్వం 1937లో దాన్ని వీధి నుంచి తీయించి మ్యూజియానికి పంపింది. ఈ పటాలాల పేర్లను మనం ముద్దుగా పలకాలా?

గోదావరిగట్టు

మీ ఆవేదన నాది కూడా. అయితే లిఫీతీరం గారు గర్వపడుతున్నారని నాకు అనిపించలేదు. తన ఊరి పేరు అంత దూరం ఎలా వెళ్లిందో తెలుసుకోవాలనుకున్నారు. ఆ పేరు అక్కడ ఉండడమే మీరు చెప్పిన విషయానికి సాక్ష్యం. మన సీమ ఎప్పుడు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో వారే తమ జెండా మీద రాసి ఉంచారు.

ఆ తెల్ల సైనికులు కూడా కంపెనీకి ఎప్పుడూ నమ్మినబంట్లుగా ఉండలేదు. బందరులోనే ఇంకొకటి జరిగింది. 1809లో బందరు కోటలో కాపలా ఉన్నది మద్రాసు యూరోపియన్ రెజిమెంటు, అంటే తరువాతి డబ్లిన్ ఫ్యూజిలియర్స్. మద్రాసు గవర్నరు జార్జ్ బార్లో సైన్యాధికారుల భత్యాల్లో చేసిన కోతల మీద మద్రాసు సైన్యపు అధికారులందరూ మండిపడుతున్న రోజులవి. మెస్‌లో అధికారులు ఇచ్చిన ఒక టోస్టు (గ్లాసులెత్తి పలికే శుభాకాంక్ష) గురించి వారి కమాండరు లెఫ్టినెంట్ కల్నల్ ఇన్నెస్ మద్రాసుకు ఫిర్యాదు చేశాడు. ఆ గొడవ రగులుతుండగా, రెజిమెంటులోంచి కొంతమందిని ఓడల మీద పనికి పంపమని ఉత్తర్వు వచ్చింది. పటాలాన్ని ముక్కలు చేస్తున్నారని అధికారులు తమ కమాండరునే జూన్‌లో నిర్బంధించారు. సర్దుబాటు చేయడానికి జాన్ మాల్కమ్‌ను మద్రాసు నుంచి బందరుకు పంపవలసి వచ్చింది. కోట పట్టిన పటాలం, కోటలో తిరగబడ్డ పటాలం, ఇద్దరూ చివరకు ఐరిష్ పేర్లతోనే అంతమయ్యారు.

దండుబాట

దీనికి తోడుగా 1859 కూడా గుర్తు చేసుకోవాలి. కంపెనీ పోయి రాణి వచ్చినప్పుడు, తమను అడగకుండా, కొత్తగా చేరినందుకు ఇచ్చే బహుమానం కూడా ఇవ్వకుండా, పశువులను బదలాయించినట్లు ఒక యజమాని నుంచి మరొకరికి బదలాయించారని కంపెనీ తెల్ల సైనికులు పనిచేయడానికి నిరాకరించారు. సుమారు 10,000 మంది సైన్యాన్ని వదిలి ఇంటికి వెళ్లిపోయారు. ‘తెల్లవారి తిరుగుబాటు’ అని చరిత్రలో పేరు. కాబట్టి 1858కి, 1862కి మధ్య పేరు మారడమంటే కాగితం మీద గీత కొట్టినంత సులువుగా జరగలేదు. పటాలం పేరు మిగిలింది, అందులోని మనుషులు ఎందరో మారారు. వంశక్రమం పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటిపోతుంది.

ఇక మన్‌స్టర్ ఎందుకు అన్న ప్రశ్నకు. 19వ శతాబ్దం రెండవ పాదంలో బెంగాల్ సైన్యంలోకి కంపెనీ చేర్చుకున్న తెల్ల సైనికుల్లో దాదాపు సగం మంది ఐరిష్‌వారు. ఇండియాలో పుట్టి పెరిగిన ఈ పటాలాలకు ఇంగ్లండులో సొంత జిల్లా అంటూ లేదు. 1870లలో అప్పటి యుద్ధమంత్రి కార్డ్‌వెల్ ప్రతి రెండు పటాలాలకు ఒక జిల్లాను, ఒక డిపోను కట్టబెట్టినప్పుడు 101, 104 సంఖ్యలవారికి ట్రలీ వచ్చింది. 1881లో చిల్డర్స్ ఆ జోడీనే ఒక పేరు కిందికి తెచ్చాడు. దత్తు వెళ్లినవాడికి ఇంటిపేరు మారినట్టు మారింది.

లిఫీతీరం

దత్తు అన్న మాట సరిగ్గా ఉంది. ట్రలీకి ఒకసారి వెళ్లినప్పుడు బాలీముల్లెన్ బ్యారక్స్ బయటి నుంచి చూశాను. అక్కడి కుర్రాళ్లు 1914లో ఆ గేటులోంచి వెళ్లేటప్పుడు తమ టోపీ మీద పులి ఎందుకుందో తెలుసుకొని వెళ్లారో లేదో అని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను చదివినది కూడా కొంత పంచుకుంటాను. 1914 ఆగస్టు 27న ఫ్రాన్సులోని ఎత్రు గ్రామం దగ్గర రెండవ బెటాలియను, అంటే పాత 104వది, వెనుదిరిగే సైన్యానికి అడ్డుగోడగా నిలిచి రోజంతా పోరాడి, చుట్టుముట్టబడి, తూటాలు అయిపోయాకే లొంగింది. అప్పటికి నిలబడగలిగినవారు సుమారు 240 మంది.

మొదటి బెటాలియను, అంటే బందరు కోట పట్టినవారి నేరు వారసులు, యుద్ధం మొదలైనప్పుడు రంగూన్‌లో ఉన్నారు. డబ్లిన్ ఫ్యూజిలియర్ల మొదటి బెటాలియను అప్పుడు మద్రాసులోనే ఉంది. 1915 ఏప్రిల్ 25న తుర్కీలోని గాలిపోలీలో సెడ్ ఎల్ బహర్ కోట కింద, రివర్ క్లైడ్ అనే బొగ్గు ఓడను ఒడ్డుకు తోలి, దాని పక్కన కోసిన తలుపుల్లోంచి మన్‌స్టర్లు దిగారు. డబ్లిన్‌వారిలో ఎక్కువమంది పడవల్లో వచ్చారు. తుర్కీ తుపాకుల ముందు ఇద్దరూ ఎంతగా నశించారంటే, కొద్ది రోజులకు మిగిలినవారిని కలిపి ఒకే బెటాలియను చేశారు. సైనికులు దాన్ని ‘డబ్‌స్టర్స్’ అన్నారు. బెంగాల్ యూరోపియన్, మద్రాసు యూరోపియన్ పటాలాల వారసులు కొద్ది వారాలపాటు ఒకే పేరు కింద ఉండడం ఈ వంశవృక్షంలో ఎక్కడా రాయరు, నేను మాత్రం నా కాగితం మీద చుక్కల గీతతో రాశాను.

1922లో ఐర్లండు స్వతంత్ర రాజ్యం అయ్యేటప్పుడు, అక్కడి దక్షిణ ప్రాంతపు అయిదు పదాతి రెజిమెంట్ల జెండాలను జూన్ 12న విండ్సర్ కోటలో రాజుకు అప్పగించారు. జూలై 31తో అవి రద్దయ్యాయి. మన్‌స్టర్స్, డబ్లిన్స్ రెండూ అందులో ఉన్నాయి. కాబట్టి ఇక నా అసలు ప్రశ్నకు వస్తాను. ఈ వంశం పూర్తిగా తీరిపోయినట్టేనా? ఇప్పుడు రాయల్ ఐరిష్ రెజిమెంటు అని ఒకటి ఉంది కదా?

దండుబాట

మన్‌స్టర్ల వరకు తీరిపోయినట్టే. ఇక్కడ మూడు మాటలను వేరు చేసి చూడాలి. నామాంతరం అంటే అదే పటాలం కొత్త పేరుతో ఉండడం. విలీనం అంటే రెండు వంశాలు ఒకటిగా నడవడం, అప్పుడు గౌరవాలు రెండింటివీ కొత్తదానికి వస్తాయి. రద్దు అంటే వారసుడు లేకుండా ముగియడం. 1756 నుంచి 1881 దాకా జరిగినవి మొదటి రెండు. 1922లో జరిగింది మూడవది. ‘మసులిపటం’ అనే గౌరవాన్ని ఈనాడు మోస్తున్న బ్రిటిష్ పటాలం లేదు.

రాయల్ ఐరిష్ రెజిమెంటు పేరు మరో ఉచ్చు. 1684లో పుట్టిన పాత రాయల్ ఐరిష్ రెజిమెంటు కూడా 1922లోనే రద్దయింది. ఇప్పటిది 1992లో వేరే పటాలాల కలయికతో వచ్చి ఆ పేరు తీసుకుంది. అయితే అందులో మనకు ఒక దారం ఉంది. కంపెనీ తెల్ల పటాలాలు మొత్తం తొమ్మిది, 101 నుంచి 109 వరకు. వాటిలో 108వది మద్రాసు పదాతి పటాలం. అది 1881లో రాయల్ ఇన్నిస్‌కిల్లింగ్ ఫ్యూజిలియర్స్‌కు రెండవ బెటాలియనైంది. అది 1968లో రాయల్ ఐరిష్ రేంజర్స్‌లోకి, 1992లో ఇప్పటి రెజిమెంటులోకి వెళ్లింది. 105వ మద్రాస్ లైట్ ఇన్‌ఫాంట్రీ యార్క్‌షైర్ వారితో కలిసి, తరువాత లైట్ ఇన్‌ఫాంట్రీ మీదుగా 2007లో ‘రైఫిల్స్’లో కలిసింది. ఆ రెండూ 19వ శతాబ్దంలో లేపినవి కాబట్టి చందుర్తి, బందరు యుద్ధాలు వాటివి కావు. మద్రాసు రక్తం ఇంకా ఉంది, బందరు పట్టిన రక్తం లేదు.

ఇంకొక చిన్న సంగతి. ఫోర్డ్ అంతకు ముందు 39వ రెజిమెంటు అధికారి. ఇండియాకు వచ్చిన మొదటి రాజుగారి పటాలం అది, ‘ఇండియాలో ప్రథములు’ అని వారి బిరుదు. డార్సెట్ పేరుతో నడిచి, అది కూడా 2007లో రైఫిల్స్‌లోనే కలిసింది.

బ్యారక్_తాత

జెండాలు అప్పగించే రోజు సైనికుడికి ఎలా ఉంటుందో నేను ఊహించగలను. ఆ ఐరిష్ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఇంటికి వెళ్తే సొంత ఊరివారు పలకరించని రోజులు వారికి వచ్చాయి. కృష్ణాడెల్టా గారూ, మీ మాటా కాదనను. లిఫీతీరం బాబూ, ఆ కాగితం మీద సిపాయిల గీత కూడా ఒకటి గియ్యి. 1757 దగ్గర మొదలుపెట్టి, 1857 దగ్గర ఆపు. గీత పొట్టిగా ఉన్నా ఫరవాలేదు.

కృష్ణాడెల్టా

ఆ గీత గీస్తే నాకు ఇంకే అభ్యంతరమూ లేదు.

లిఫీతీరం

గీశాను, సుబేదార్ గారూ. కాగితం ఇప్పుడిలా ఉంది. 1756 నుంచి ఒక గీత, 1839 దగ్గర దాని పక్కన విడిగా మొలిచిన రెండవ గీత, 1881 దగ్గర రెండూ కలిసే ముడి, 1922 దగ్గర అడ్డంగా ఒక చిన్న కోత, దాని కింద బాణం గుర్తు ఏదీ లేదు. ఎడమ పక్కన సిపాయిల గీత ఎర్ర సిరాతో ఉంది. 1915 దగ్గర డబ్లిన్ గీతతో కలిపే చుక్కలు ఉన్నాయి. సంక్రాంతికి బందరు వచ్చినప్పుడు ఈ కాగితాన్ని, టోపీ బిళ్లను మా నాన్నగారికి చూపించి, ఇద్దరం కోట దగ్గరికి వెళ్లి ఈశాన్యపు బురుజు ఎటు ఉండేదో చూడాలని అనుకుంటున్నాను. ఒక్కటే మిగిలింది. 1758 దగ్గర ‘కాండోర్’ అని రాయాలా, ‘చందుర్తి’ అని రాయాలా?

గోదావరిగట్టు

జెండా మీద ఉన్నది కాండోర్ కాబట్టి మన్‌స్టర్ల గీత పక్కన అది రాయండి. ఎర్ర సిరా గీత పక్కన చందుర్తి అని రాయండి. బందరుకు వచ్చినప్పుడు ఇటు గొల్లప్రోలు దాకా రండి, చేలలోకి తీసుకువెళ్తాను.